తల వెనక్కి వాల్చండి బాబూ

ఎంతటి మొనగాడైనా తన ముందు తల వంచాల్సిందేనని సెలూన్ పెద్దాయన నలభై ఏళ్ళుగా గొప్పలు చెప్పుకుంటున్నాడు. ఎదుటివాడి మీసంలో ఒక్క వెంట్రుక ఎక్కువున్నా పట్టేసే ఆ కళ్ళకు, పక్క బెంచీ మీద మనుషులు ఆనడం మానేశారు. అది ఆయన చాలాకాలం గమనించనే లేదు.

"గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి," అంది కంటి డాక్టరమ్మ. "ముందు చుక్కలతో కంట్లో ఒత్తిడి తగ్గిద్దాం. తగ్గకపోతే లేజర్, అదీ చాలకపోతే ఆపరేషన్. చుక్కలు వేయడానికి ఇంట్లో ఎవరున్నారు?"

"ఎందుకు లేరమ్మా, బోలెడుమంది!" అన్నాడు కాస్త విసురుగానే.

భార్య పోయాక ఆ ఇంట్లో ఆయన దగ్గు తప్ప వేరే చప్పుడు లేదు.

తనకు తనే వేసుకోబోతే గురి కుదరక, వారం రోజులు మందంతా చెంపలే తాగాయి. ఎనిమిదో రోజు పొద్దున షాపు తెరిచి, గిరాకీలు కూర్చునే కుర్చీలో తనే కూర్చుని, మెడకు గుడ్డ చుట్టుకున్నాడు.

"తల కాస్త వెనక్కి వాల్చండి బాబూ. కదలకండి," అన్నాడు పైకే.

చుక్క సరిగ్గా కంట్లో పడింది. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండమంది డాక్టరమ్మ. కుర్చీలో మనిషిని పలకరించకుండా ఉండటం ఆయనకు చేతకాదు.

"ఇంట్లో అందరూ కులాసానా బాబూ?"

కుర్చీలో మనిషి చిన్నగా దగ్గాడు.