సత్తమ్మ కొట్టేయించిన వాక్యం

హైదరాబాద్‌లోని ఒక న్యాయ సంస్థలో నా ఉద్యోగం చివరి ఏళ్లలో, పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలైన ఒక మాఘమాసంలో, కరీంనగర్ కేసు నాకు అప్పగించారు. ట్రేడ్‌మార్కు యజమానుల పక్షాన ఇంటర్నెట్ పేర్ల తగాదాలు నడపడం, ఆ పేర్లకు నియమాలు రాసే అంతర్జాతీయ సమావేశాల్లో వాళ్ల తరఫున మాట్లాడటం నా పని. వినడానికి గొప్పగా ఉంటుంది కానీ బతుకంతా కాగితాలతోనే గడిచింది.

కక్షిదారు సత్తమ్మది వెండి తీగతో అల్లే ఫిలిగ్రీ సామాన్ల దుకాణం. మామగారు పెట్టిన దుకాణం పేరే ట్రేడ్‌మార్కుగా నమోదైంది. సతీశ్ అనే కంప్యూటర్ సెంటర్ యజమాని ఆమెకు వెబ్‌సైట్ చేసిపెట్టి, చాలామంది చేసినట్టే దుకాణం పేరుతో ఉన్న డాట్‌కామ్ పేరును తన పేరిట నమోదు చేసుకున్నాడు. తరువాత ఇద్దరికీ చెడింది. అతను అదే సైట్‌లో వెండి పూత పూసిన వేరే సరుకు అమ్మడం మొదలుపెట్టాడు. హుజూరాబాద్ పెళ్లివారొకరు అందులో కొని నల్లబడిన పాన్‌దాన్, అంటే తాంబూలం పెట్టె, తెచ్చి సత్తమ్మ ముందు పడేసి, నిండు దుకాణంలో ఆమెను దొంగ అన్నారు. మాది కాదంటే నమ్మలేదు.

ఈ తగాదాలను కోర్టు బయట తేల్చే పద్ధతి ఒకటుంది. మామూలుగా సాక్షులను పిలవరు. ఇరుపక్షాలు రాసింది చదివి మధ్యవర్తి నిర్ణయిస్తాడు. డాట్‌కామ్ పేరును ప్రతివాది ఇప్పుడు దురుద్దేశంతో వాడుతున్నాడంటే చాలదు, నమోదు చేసిన నాడే దురుద్దేశం ఉందని చూపాలి. అందుకని ఫిర్యాదులో నా అలవాటు వాక్యం రాశాను: ప్రతివాది మొదటి నుంచీ మోసం చేయాలనే ఈ పేరు నమోదు చేశాడు.

సంతకం కోసం కరీంనగర్ వెళ్లి, ఫిర్యాదును తెలుగులో చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గర సత్తమ్మ ఆపింది.

"గట్ల రాయకుండ్రి సార్. గప్పుడు మేమే పిలిచి చేపిచ్చుకున్నం. పిలగాడు మంచిగనే చేసిండు. గిప్పుడు ఖరాబైండు, గది రాయిండ్రి."

ఆ వాక్యం లేకపోతే ఓడిపోతామని చెప్పాను.

"చెయ్యని దొంగతనం మీదేస్తే ఎట్లుంటదో నాకెరుకైంది సార్. నేనొకని మీద ఎయ్య."

నాకు ఒళ్లు మండింది. సలహా అడిగేది వాళ్లే, వినిపించుకోనిదీ వాళ్లే. అయినా వాక్యం కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాశాను: మేము అడిగితే, మా దుకాణం కోసం, ప్రతివాది మంచి మనసుతోనే ఈ పేరు నమోదు చేశాడు. బస్సులో హైదరాబాద్ దాకా సణుక్కుంటూనే వచ్చాను.

ఓడిపోయాం. సతీశ్‌కు జవాబు రాయడానికి పెద్దగా శ్రమ లేకపోయింది. సత్తమ్మ గారు అడిగితే ఆమె దుకాణం కోసమే నమోదు చేశానని, ఫిర్యాదులో ఆమే ఆ మాట ఒప్పుకున్నదని రాసి సంతకం పెట్టాడు. మధ్యవర్తి దాన్నే ఎత్తి రాసి ఫిర్యాదు కొట్టేశాడు. ఆఫీసులో కుర్రవాళ్లు నన్ను చాలా రోజులు ఆటపట్టించారు.

తరువాత కరీంనగర్ కోర్టులో దావా వేశాం. అక్కడ సతీశ్ మాట మార్చాడు. ఆ పేరు తన సొంత వ్యాపారానికి పెట్టుకున్నదని, సత్తమ్మ దుకాణానికి దానితో సంబంధం లేదని వాదించాడు. మేము చేసిందల్లా మధ్యవర్తికి అతను ఇచ్చిన జవాబును దాఖలు చేయడం. జడ్జి అది చదివి, ఈ సంతకం నీదేనా అని అడిగారు. అతని వకీలు వాయిదా కోరాడు. ముందు అమ్మకాలు ఆపమని, ఆఖరికి పేరును సత్తమ్మకు అప్పగించమని ఉత్తర్వులు వచ్చాయి.

నమోదు నిజాయితీగా జరిగినా, తరువాతి మోసం ఒక్కటే సరిపోవాలని సమావేశాల్లో యజమానుల తరఫున ఆ తరువాత కూడా వాదించాను. ఆ నియమం తప్పని ఇప్పటికీ అంటాను. కానీ అలవాటు వాక్యం మాత్రం మళ్లీ రాయలేదు. దాన్ని ఉంచి ఉంటే సతీశ్ మొత్తం కాదనేవాడు. అతనిలో ఉన్న మంచిని మేమే రాశాం కాబట్టి సంతోషంగా ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నది వెనక్కి తీసుకోలేకపోయాడు.