సంచి నిండితే చాలనుకున్నాను

ఉదయం ఏడుంబావుకి మా తమ్ముడు యాదగిరి చాయ్ సగంలో వదిలేశాడు. తార్నాకలో మేమిద్దరమే ఉంటాం. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను, వాడు క్యాంపస్ హాస్టళ్లలో కరెంటు పని చూస్తాడు. ముప్పై ఏళ్లవాడు, చాయ్ వదిలే రకం కాదు.

"ఏందిరా?"

"చలి పెడుతున్నదక్కా. తొడమీద గడ్డ సలుపుతున్నది."

"మే నెల్ల చలేంది?"

గడ్డ నాలుగు రోజుల నుంచీ ఉంది. వాడే పిండుకుని పసుపు పెట్టుకున్నాడు. సాయంత్రానికి మాట తడబడింది. ఆస్పత్రిలో బీపీ పడిపోయిందని నేరుగా ఐసీయూకి తీసుకెళ్లారు. ఏ క్రిమో తేల్చే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీశారు, గడ్డ కోసి చీము తీశారు. గడ్డలోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కింది, సెప్సిస్ అన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. రెండేళ్ల క్రితం మా ఆయన దానితోనే పోయారు. ఆయనకు మొదట మూత్రం తగ్గింది. తర్వాత కిడ్నీలు పోయాయి. తర్వాత ఆయన.

అందుకే లోపలికి పంపిన ప్రతిసారీ ముందు మంచం పక్కన వేలాడే మూత్రం సంచి చూసేదాన్ని. తమ్ముడి మొహం తర్వాత. సంచి నిండుగా ఉంటే ఊపిరి పీల్చుకుని బయటికొచ్చేదాన్ని. ఒకరోజు సిస్టర్ అనేసింది: "అక్కా, తమ్ముడు మంచం పైనున్నడు. నువ్వేమో సంచిని పలకరించి పోతున్నవ్."

మొదటి రోజు నుంచి వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తున్నారు. ఆ మందే పనిచేస్తుందని కల్చర్ రిపోర్టు కూడా వచ్చింది. అయినా మూడో రోజుకీ జ్వరం దిగలేదు. డాక్టరమ్మ నన్ను పిలిచారు.

"రక్తంలో మందు లెవెల్ చూశాం. చాలా తక్కువుంది. డోసు పెంచాలి."

"వద్దు మేడమ్. అది కిడ్నీల మీద పడుతుందట కదా. వాడికి ఇప్పుడు బాగున్నవి అవొక్కటే."

"అక్కడే వచ్చిందమ్మా చిక్కు. సెప్సిస్‌లో ఈ వయసువాళ్లకు ఒక్కోసారి కిడ్నీలు మామూలుకంటే జోరుగా పనిచేస్తాయి. మనం ఇచ్చిన మందు ఇచ్చినట్టే సంచిలోకి పోతోంది."

మూడు రోజులుగా నేను సంతోషపడింది దాన్ని చూసే.

"మా ఆయనకు డోసు తగ్గించారు మేడమ్."

"ఆయన కిడ్నీలు వేరు, ఇతనివి వేరు. బరువు, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్, రక్తంలో మందు లెవెల్ చూసి ఎవరి డోసు వాళ్లకు లెక్కకడతాం. పెంచి వదిలెయ్యం, మళ్లీ చూస్తాం. భయపడి తక్కువ ఇస్తే ఇన్ఫెక్షన్ ఆగదు. అప్పుడు కిడ్నీలూ దక్కవు."

సరే, పెంచండి అన్నాను.

డోసు పెంచారు. ఈసారి లెవెల్ సరిపోయింది. రెండు రోజులకు జ్వరం దిగింది, పడిపోయిన బీపీని నిలబెట్టే మందు ఆపారు. అంతలో క్రియాటినిన్ కొంచెం పెరిగింది. అంటే కిడ్నీల పని తగ్గుతోందని, నేను మళ్లీ పోయి సంచి చూశాను. డాక్టరమ్మ మాత్రం, "కిడ్నీల జోరు తగ్గింది. ఇప్పుడు డోసు తగ్గించే టైమ్" అని తగ్గించారు. మూడు రోజుల్లో రిపోర్టు మామూలుకొచ్చింది.

వార్డుకి మార్చాక యాదగిరి అడిగాడు: "నా మూత్రం జూసి మురిసినవంట గద. సిస్టర్ చెప్పింది."

"అవున్రా."

"గింత ప్రేమ జిందగీల ఎన్నడు చూపెట్టలే."

ఆస్పత్రిలో నేను నవ్వడం అదే మొదటిసారి.

మా ఆయనకు ఇచ్చిన డోసు సరైనదేనా అని డాక్టరమ్మను అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన రిపోర్టులు చూడకుండా ఎవరూ చెప్పలేరు.

మీవాళ్లు ఐసీయూలో ఉంటే ఒక్క మాట అడగండి: "ఈ డోసు ఈ మనిషికి సరిపోతోందో లేదో ఎలా చూస్తున్నారు?" అన్ని మందులకూ లెవెల్ టెస్టు దొరకదు. అయినా అడగండి. జవాబు విన్నాక, నాలాగా మీ పాత భయాన్ని అడ్డం పెట్టకండి.

యాదగిరి మళ్లీ హాస్టళ్లలో ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. ఇంటికొచ్చాక రెండు నెలలు పొద్దునా సాయంత్రం వాడి జ్వరం చూసి క్యాలెండర్ మీద రాశాను. ఇప్పుడు రాయడం లేదు.