యాక్సిల్ పైన కట్టిన గొలుసు

పోయిన వారం అక్క ఫోన్ చేసింది. "షెడ్డులో ట్రాక్టర్ అమ్మేస్తున్నానురా. కొనేవాడు వెనకున్న ఆ కొక్కెం తీసేసి ఇమ్మన్నాడు. నువ్వొచ్చి విప్పి పో," అంది. అంతే, పెట్టేసింది. పదకొండేళ్లలో అక్క ఆ కొక్కెం మాట ఎత్తడం అదే మొదలు. మెల్‌బోర్న్ క్లేటన్‌లో నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పే యూనివర్సిటీ ముందు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ అలాగే పట్టుకుని రెండు బస్సులు వదిలేశాను.

బావ, అంటే మా అక్క మొగుడు, నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా పనిచేసి, రిటైరయ్యాక మెల్‌బోర్న్‌కు మూడు గంటల దూరంలో ఐదెకరాలు కొన్నారు. మన తెలుగువాళ్లు రిటైరైతే క్రూయిజ్ షిప్పులు ఎక్కుతారు. ఈయన నాకంటే వయసులో పెద్దదైన బూడిదరంగు ట్రాక్టర్ ఎక్కారు. ఆ ఊళ్లో ఏటా పాత ట్రాక్టర్లకు లాగుడు పోటీ పెడతారు. బరువు పెట్టిన ఇనుప బల్లను లాగాలి. ముందుకు పోయేకొద్దీ ఆ బరువు కూడా ముందుకు జరిగి బల్లను నేలకు అదిమేస్తుంది. ఎక్కువ దూరం లాగినవాడిదే గెలుపు. మొదటి ఏడు బావది చివరి నుంచి రెండో స్థానం. "నెక్స్ట్ ఇయర్ కర్రీ పవర్ కొంచెం ఎక్కువ వెయ్యి మేట్," అని ఎవరో నవ్వారట. బావ కూడా నవ్వారు. ఇంటికొచ్చి మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదని అక్క చెప్పింది.

ఇక ఆ ఏడాదంతా ఆయనకు ఇంజనే లోకం. సిలిండర్లు తొలిపించి పెద్ద పిస్టన్లు వేయించారు. ఇంజన్ హద్దు మీరి పరుగెత్తకుండా పట్టి ఉంచే స్ప్రింగు ఒకటి ఉంటుంది, దాన్ని తన లెక్క ప్రకారం బిగించారు. బరువు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపారు. ఇవి చాలవన్నట్టు బానెట్ మీద తెలుగులో 'ఒంగోలు' అని రాయించి, పసుపూ కుంకుమా పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. పక్క పొలం ముసలాయన పుట్టి పెరిగిందే ట్రాక్టర్ల మధ్య. ఆ బొట్లు చూసి ఏమీ అనలేదు గానీ, వెనక యాక్సిల్ మీద అరచెయ్యి వేసి ఒకే ఒక్క మాట చెప్పాడు. పవర్ ఎంతైనా పెంచుకోమన్నాడు, గొలుసు మాత్రం ఎన్నడూ దీనికంటే పైన కట్టొద్దన్నాడు. "నెవర్, మేట్," అని మళ్లీ అన్నాడు. ఆ మాట బావ విన్నారు. నేనూ విన్నాను.

పోటీ ఇంకో వారం ఉందనగా, ఎప్పటిలాగే శనివారం నాడు వెళ్లాను. పెద్ద కాంక్రీటు దిమ్మెకు గొలుసు కట్టి బావ లాగించి చూస్తున్నారు. ఇంజన్ అరుపు పొలమంతా వినిపిస్తోంది గానీ, చక్రాలు ఉన్నచోటే తిరిగి గుంట తవ్వుతున్నాయి. బలం వచ్చింది, పట్టు రాలేదు. బావ దిగి, "ఇంత చేసినా ఇంతేనా బామ్మర్దీ!" అన్నారు. ఆ మొహం చూడలేకపోయాను. నోరు మూసుకుని ఉండొచ్చు కదా! మా నాన్న ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీలకు ఎడ్లను కట్టేవాడు. బండ మొరాయిస్తే గొలుసు కురచ చేసి ఎత్తుగా బిగించేవాడు. బండ ముక్కు కాస్త లేచి కదిలేది. "ఎత్తి కట్టు బావా. నాన్న చేసేవాడు కదా," అన్నాను. ఎద్దుకు కాడి మెడ మీద ఉంటుంది, బరువు పడేకొద్దీ దాని ముందుకాళ్లు నేలను తన్నిపట్టుకుంటాయి. ట్రాక్టర్‌కు బరువంతా వెనక, గొలుసు యాక్సిల్‌కు పైన ఉంటే లాగేకొద్దీ ముందు భాగమే లేస్తుంది. పిల్లలకు పాఠం చెప్పి బతికేవాణ్ణి, ఆ తేడా నాకు తట్టలేదు. బావ మొహం వెలిగిపోయింది. ఇంట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చి, యాక్సిల్‌కు జానెడు పైన ఇనుప కొక్కెం బిగించారు. బోల్టులకు పానా పట్టింది నేనే.

ఈసారి చక్రాలు పట్టుకున్నాయి. దిమ్మె కదిలింది. బావ నావైపు తిరిగి, ఎడ్లను అదిలించినట్టు "హై!" అని అరిచారు. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ట్రాక్టర్ నిలువునా లేచి వెనక్కి ఆయన మీద పడింది. అక్క పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. హెలికాప్టర్ వచ్చేసరికే అంతా అయిపోయింది. పోలీసులు అడిగితే కొక్కెం ఆయనే పెట్టుకున్నారని చెప్పాను. అక్కకూ అదే చెప్పాను. ఆ తర్వాత ఆ ఇంటికి పోవడమే మానేశాను. పరీక్షలు, ట్రాఫిక్, మోకాళ్లు, సాకులకేం కరువు?

నిన్న శనివారం వెళ్లాను. బోల్టులు తుప్పు పట్టిపోయాయి. నూనె పోసి ఒక్కొక్కటే విప్పుతుంటే అక్క గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని చూస్తూ కూర్చుంది. ఆఖరి బోల్టు చేతిలోకి వచ్చాక ఇక ఆగలేకపోయాను. "అక్కా, గొలుసు ఎత్తి కట్టమన్నది నేనే," అన్నాను.

"తెలుసు," అంది అక్క. "మంచినీళ్లకని లోపలికొచ్చి ఆయనే చెప్పారు. మీ తమ్ముడికి మీ నాన్న బుర్రే వచ్చిందే అని ఎంత మురిసిపోయారో! నువ్వే వచ్చి చెబుతావని ఒక ఏడాది చూశానురా. ఆ తర్వాత, చెప్పకపోయినా పర్లేదు, వస్తే చాలనుకున్నా. నువ్వు రాలేదు."

నన్ను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. ఆ ఇనపముక్క మాత్రం తన ఇంట్లో వద్దు, తీసుకుపొమ్మంది. డిక్కీలో పెట్టుకుని, వచ్చే శనివారం వస్తానని చెప్పి బయల్దేరాను. పదకొండేళ్ల శనివారాలు ఆవిడ గేటు వైపు చూస్తూ గడిపింది; అక్కకు డెబ్బై ఒకటి, నాకు అరవై ఆరు, ఇక మాకు మిగిలిన శనివారాలు ఎన్నో నాకు తెలియదు.