దాండేలి పోదామనుకున్నాం

ఆ కోరిక మా బావది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి బతికిన మనిషి. చీరల ఆర్డర్లు ఆగిపోయి షెడ్డుకు తాళం పడ్డాక ఆయనకు మొదటిసారి తీరిక దొరికింది. ఒకరోజు ఫోన్‌లో వీడియో చూపించాడు. కర్ణాటకలో, దాండేలి దగ్గర కాళి నది. బండల మధ్య నురగలు కక్కుతూ దూకే నీళ్లు, వాటి మీద ఎగిరెగిరి పడే రబ్బరు పడవ, తెడ్లు పట్టుకున్న జనం.

"బామ్మర్దీ, గీడికి పోదాం. మీ అక్కను గూడ తీస్కపోదాం," అన్నాడు.

వయసులో ఉన్నప్పుడు వరదలో ఉన్న మానేరు వాగును ఈది దాటినవాడు. ఆ తర్వాత షెడ్డు తప్ప ఏమీ చూడలేదు. నేను సరేనన్నాను. అక్క ముందు నవ్వింది, తర్వాత చలికాలమైతే మంచిదని తనే అంది. ఆదివారం వస్తే నేను జగిత్యాలలో బస్సెక్కి సిరిసిల్ల వెళ్లేవాణ్ని. ఏ రైలెక్కాలి, ఎక్కడ దిగాలి, తోవలో తినడానికి ఏం చేసుకోవాలి, ఇవే మాటలు. కోరుట్లలో మా చిన్నప్పుడు కూడా అక్క అంత హుషారుగా ఉండగా చూసిన గుర్తు లేదు.

పడవలవాళ్లకు ఫోన్ చేశాను. కెప్టెన్ పడవ వెనక భాగంలో కూర్చుని ముందుకు, వెనక్కు, ఆపు అని అరుస్తాడట. వినగానే తెడ్డు వేయాలి, లేకపోతే పడవ బోల్తా పడుతుంది.

"అయితే నేర్సుకోనే పోదాం," అన్నాడు బావ.

నడింట్లో మంచం వాల్చి, నేనూ బావా చెరో అంచున కర్రలు పట్టుకుని కూర్చున్నాం. అక్క మా వెనక కూర్చుంది.

"ముందట్కి," అంది. ఇద్దరం వేశాం. "ఎన్కకు." వేశాం. అంతలో నా ఫోన్ మోగితే లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాను.

"ఆపు," అంది అక్క. బావ ఆపలేదు. "ఇగో, ఆపుమన్న." బావ కర్ర ఇంకా వేగంగా ఆడుతోంది. ముఖం వెలిగిపోతోంది. అక్క ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వింది. ఇంకోసారి గట్టిగా పిలిచింది. ఆ తర్వాత నవ్వలేదు.

అంతవరకు ఆయన నన్ను ఓరకంట చూసి వేశాడని నాకప్పుడు అర్థమైంది. వెళ్లి భుజం తట్టాను. వెనక్కి తిరిగి అక్క ముఖం చూశాడు, కర్ర కింద పెట్టేశాడు.

"ఎప్పటిసంది ఇనవడ్తలేదు?" అంది అక్క.

"ఎప్పటిసందో నాకెట్ల ఎరుక. కొంచెం కొంచెం పోయింది. సాంచాల మోతల అందరం పెదవులు చూసే మాట్లాడుకుంటుంటిమి. నీ మొఖం చూస్తే తెలుస్తది గదా ఏమంటున్నవో."

జగిత్యాలలో చెవుల డాక్టరుకు చూపించాం. మిషన్ పెట్టుకుంటే చప్పుడు తెలుస్తుంది గానీ మాట విడిగా తెలియదన్నాడు. పడవలవాళ్లకు ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ నీళ్లలోకి తీసుకుపోలేమని, కావాలంటే నిలకడ నీళ్లలో చిన్న పడవ ఎక్కిస్తామని మర్యాదగానే అన్నారు. బావ నా పెదవులనే చూస్తున్నాడు. ఆయనకు అబద్ధం చెప్పలేకపోయాను.

"నిలువ నీళ్లల్ల కూసునేతందుకు గంత దూరమెందుకు? మీరిద్దరు పోయి రాండ్రి," అన్నాడు.

"నువ్వు లేంది మాకేం పని," అంది అక్క. అప్పటికే తీసిపెట్టిన రైలు టికెట్లు రద్దు చేయించాను.

ఆ సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి వచ్చి అక్క మెల్లగా అడిగింది. "తమ్మీ, ఇన్నేండ్లు పొయ్యి దిక్కు మొఖం పెట్టి నేను చెప్పుకున్నయన్ని ఎవలికి చెప్పిన?"

బస్సు వచ్చింది, ఎక్కాను.

ఇప్పుడు అక్క ఏం చెప్పాలన్నా చేతిలో పని ఆపి, వచ్చి బావ ఎదుట కూర్చుంటుంది. అందుకేనేమో, చాలా తక్కువ మాట్లాడుతోంది.