పాపకు రెనే అని పేరు

“ఆడపిల్ల పుడితే ఏం పేరనుకుంటున్నారే వాళ్ళు?” అని ఆయన అడిగారు. “ముందు ఆ మాత్ర వేసుకోండి,” అన్నాను. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. మంచినీళ్ళు తెచ్చేసరికి ప్రాణం లేదు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది నా కోడలు. నాకు సంతకం వరకే వచ్చు.

నెల తిరక్కుండానే ఇక్కడ అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళో పాప పుట్టింది. మనకైతే ఇరవయ్యొకటో రోజున బారసాల, పేరు అప్పుడు. ఇక్కడ ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరేలోపే చెప్పమంటారు. పొద్దున పుట్టిన కాగితాలు రాసుకునే ఒకామె గదికి వచ్చి అడిగి, మధ్యాహ్నం మళ్ళీ వస్తానని వెళ్ళింది.

ఆయన పేరునే ఆడపిల్లకు తగ్గట్టు మార్చి పెట్టాలని నేను పట్టుబట్టాను. తాత పేరు మనవలకు కాక ఇంకెవరికి వస్తుంది? కోడలు రెనే అంది. పిల్లిని పిలిచినట్టుందన్నాను. నా కొడుకు కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

కోడలు ఓపికగానే చెప్పింది. ఫ్రాన్సు పేరట. పాత లాటిన్ మాటలోంచి వచ్చిందట, మళ్ళీ పుట్టినది అని అర్థమట. జ్ఞానస్నానం చేయించిన పిల్లలకు పెట్టేవారట. అక్కడ ఇప్పుడది ముసలమ్మల పేరట, ఇక్కడేమో చాలామందికి అసలు పేరు పక్కన రెండో పేరుగా ఉంటుందట. మామయ్యగారు వెళ్ళిపోయాక పుడుతోంది కదా అని వెతికానంది. నేను మెత్తబడలేదు. ముసలమ్మల పేరు నా మనవరాలికెందుకన్నాను.

అప్పుడంది: “అత్తయ్యా, మామయ్యగారి పేరు మీరు నోటితో అనరు కదా. రేపు పాప ఏడిస్తే ఏమని పిలుస్తారు?”

పెళ్ళైన నాటి నుంచి ఆ పేరు పలికి ఎరగను. ఆయన పోయినప్పుడు అంబులెన్సు వాళ్ళు అడిగినా కొడుకు వైపే చూపించాను. ఇప్పుడైనా అనేసి నెగ్గుదామని నోరు తెరిచాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. అంతలో తలుపు తట్టి పొద్దున వచ్చినామె లోపలికి వచ్చింది. కోడలు తనే చెప్పేయొచ్చు. చెప్పలేదు, నా వైపు చూస్తూ ఉంది.

“రెనే,” అన్నాను నేనే.

ఆయన పేరు ఇంట్లో నిలవలేదన్న బాధ నాకింకా పోలేదు. అది కూడా రాయమ్మా. కానీ ఆ సాయంత్రం పాప గుక్కపట్టి ఏడిస్తే ఒళ్ళోకి తీసుకుని, పేరుపెట్టి, నోరారా పిలిచాను.

నన్ను మంచిదాన్ని చేసి రాయలేదు కదా? ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించమ్మా.