పక్క బరిలో ఊదిన ఈల

ఈ సంగతులు మూడేళ్ల కిందటివి. అప్పుడే రాయాల్సింది, కానీ అప్పటికి నాకు రాయడం రాదు. ఏడేళ్లప్పుడు మా అమ్మ నన్ను సముద్రం ఒడ్డుకి చేపలు ఎండబెట్టడానికి తీసుకుపోయింది. బడి మరో దారిలో ఉండేది. నలభై మూడో ఏట అక్షరాలు పట్టుకున్నాను. నిరుడు సంతకం వచ్చింది. ఈ ఏడు వాక్యం వచ్చింది. మా వీధిలో మాత్రం ఇన్నాళ్లూ ఒకటే మాట: కర్రసాము పిచ్చిలో మంగతాయారు ఉద్యోగం పోగొట్టుకుంది. నేను పోగొట్టుకోలేదు. ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను.

జూలైలో డ్యూటీలో చేరాను. అల్లవరం పక్కన రొయ్యల ఫ్యాక్టరీ. ఆ రోజు వాన. గేటు ముందు మోకాలి దాకా బురద. మూడు వైపులా రొయ్యల చెరువులు, నాలుగో వైపు రోడ్డు. చెరువుల్లో నీటికి గాలి పట్టే ఏరేటర్ల చప్పుడు ఆగేది కాదు. సామాను ఇచ్చారు: నీలం చొక్కాలు రెండు, ప్యాంట్లు రెండు, బెల్టు, టోపీ, ఒక సైజు పెద్దవైన బూట్లు, ఈల, వాకీటాకీ, లాఠీ.

సూపర్‌వైజరు గారు మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. ఉద్యోగం అనేవారు కాదు, పోస్టింగ్ అనేవారు.

"మీ పోస్టు గేట్ టూ. ఆరు నుంచి రెండు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు బయటికెళ్లేటప్పుడు ఒక్కొక్కళ్లనీ తనిఖీ చెయ్యాలి. రేడియోలో మీకు పేరుండదు. గేట్ టూ, అంతే."

"ఆయ్. మరి లాఠీ ఎప్పుడు వాడాలండీ?"

"వాడకూడదు. పట్టుకోడానికే."

ఇంకో ఆర్డరు ఈల గురించి. లోపల అమోనియా లీకైతే ఈల ఊదుతారు. ఈల వినగానే గార్డులు ఎక్కడివాళ్లు అక్కడ ఆగాలి. లాఠీ కొస నేలకి ఆనించాలి. నిటారుగా నిలబడాలి. రెండో ఈల వచ్చేదాకా కదలకూడదు. అలవాటు కోసం రోజుకి నాలుగుసార్లు ఊదేవారు. మూడో వారానికి నా ఒళ్లు నన్ను అడక్కుండానే ఆగడం నేర్చుకుంది.

గేట్ వన్‌లో ఉన్న అమ్మాయి డిగ్రీ చదివింది. ఇరవై నాలుగేళ్లు. నన్ను పిన్నిగారూ అనేది. రిజిస్టరులో నా వంతు కూడా తనే రాసేది.

చేతిలో కర్ర ఉండి తిప్పడం రాకపోవడం నాకు నామోషీ అనిపించింది. దసరాకి అమలాపురం వీధుల్లో తాలింఖానా వాళ్లు కర్ర తిప్పుతుంటే చిన్నప్పట్నుంచీ చూస్తున్నదాన్నే. ఆ అక్టోబరులో బండారులంక వెళ్లాను. అక్కడ కర్రసాము నేర్పే మాస్టారు నేతపని మనిషి. అరవై దాటినా నడుం వంగలేదు.

"నీకెందుకమ్మాయ్ ఇది?"

"చేతిలో కర్ర ఉందండి. తిప్పడం రాదండి."

"వయసెంత?"

"నలభయ్యండి."

"అయితే ఆలస్యం చెయ్యకు. రేపొచ్చెయ్."

రెండింటికి డ్యూటీ దిగేదాన్ని. ఆటోలో అమలాపురం, అక్కడ ఇంకో ఆటో. మూడున్నర నుంచి ఐదున్నర దాకా కాలవ గట్టున సాధన. మొదటి నెలంతా పాదాలే. కర్ర ముట్టుకోనివ్వలేదు. తర్వాత మణికట్టు వాచింది. ఉప్పు కాపడం పెట్టుకుని తెల్లారి ఆరింటికి పోస్టులో నిలబడ్డాను. డబుల్ డ్యూటీ పడిన రోజు సాధన ఉండేది కాదు. ఆ మర్నాడు మధ్యాహ్నం అన్నం మానేసి ముందు ఆటో పట్టుకునేదాన్ని. సాధన ఎగ్గొట్టాను గానీ మానలేదు. డ్యూటీ ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు.

మరుసటి ఏడు సెప్టెంబరులో జిల్లా పోటీలు వచ్చాయి. ముప్పై దాటిన ఆడవాళ్లకి వేరే విభాగం. మొదటి ముగ్గురూ రాష్ట్రం పోటీలకి వెళ్తారు. పోటీ ఆదివారం, నెల ముందే సెలవు అడిగాను. సూపర్‌వైజరు గారు సరేనన్నారు. శనివారం ఒంటిగంటా నలభైకి రేడియో మోగింది.

"గేట్ టూ, గేట్ టూ."

"గేట్ టూ. చెప్పండి."

"రేపు సెలవులన్నీ రద్దు. లోడు ఎక్కువొస్తోంది. ఆరుకల్లా పోస్టులో ఉండాలి."

"రేపు నాకు పోటీ ఉందండి. నెల కిందట మీరే సరేనన్నారండి."

"ఇది ఆర్డరు."

"విన్నానండి. రానండి."

కాసేపు గరగర. అదే లైన్లో గేట్ వన్ గొంతు వచ్చింది. "సర్, గేట్ టూ కూడా నేనే చూసుకుంటానండి."

"నిన్నెవరు అడిగేరు?"

ఆదివారం పది గంటలకి అమలాపురంలో మైదానం. ఎండ. మూడు బరులు పక్కపక్కనే గీశారు. కర్ర కొసకి సుద్ద రాస్తారు. ఎదుటి మనిషి ఒంటి మీద తెల్లగా పడితే పాయింటు. మొదటి పోటీ గెలిచాను. రెండోదానికి ఎదురుగా రాజోలు నుంచి వచ్చిన వ్యాయామం టీచరు. నాకంటే పదేళ్లు చిన్న.

"ఆంటీగారూ, మోకాళ్లు జాగ్రత్తండి."

"మోకాళ్ల సంగతి నాకొదిలెయ్ తల్లీ. నీ భుజం చూసుకో."

భుజం మీదే కొట్టాను. తర్వాత నడుం మీద. రెండు పాయింట్లు ముందున్నాను. అప్పుడు పక్క బరిలో రెఫరీ ఈల ఊదాడు.

ఆగాను. కర్ర కొస నేలకి ఆనించి నిటారుగా నిలబడ్డాను. ఆ పిల్ల ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత కొట్టింది. ఎడమ భుజం, తొడ, మళ్లీ భుజం. మా రెఫరీ ఈల ఊదేదాకా నేను రెండో ఈల కోసమే చూస్తున్నాను.

మాస్టారు తిట్టలేదు. నీళ్ల సీసా ఇచ్చి అన్నారు. "ఈల నీది కాదు కదమ్మాయ్."

"మా ఫ్యాక్టరీలో అన్నీ నావేనండి."

ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే కోపం కూడా వచ్చింది. నా చేతులు, కాళ్లు నావి. డ్యూటీలో ఉన్నప్పుడు వాటిని ఇచ్చాను. ఆదివారం ఇవ్వలేదు. ఆ పోటీ ఓడాను, మూడో స్థానం పోటీకి ఇంకా గంట ఉంది. అలవాటుగా కట్టుకొచ్చిన డ్యూటీ బెల్టుకి ఉన్న నా ఈల తీసి మాస్టారి చేతిలో పెట్టాను.

"నా వెనక నిలబడి ఊదండి. నేను తిప్పుతూనే ఉంటాను. ఆగితే కొట్టండి."

స్కూలు గోడ నీడలో గంటసేపు ఊదారు. మొదట్లో ప్రతిసారీ ఆగాను. ప్రతిసారీ పిక్క మీద పడింది. చుట్టూ జనం చేరి నవ్వారు. నవ్వనిచ్చాను. చివరికి పాదాలు వినడం మానేశాయి.

మూడో స్థానం పోటీలో పక్క బరిలో ఐదుసార్లు ఈల మోగింది. నేను మా రెఫరీ ఊదినప్పుడే ఆగాను. అప్పటికే గెలిచాను.

సోమవారం ఐదూ నలభైకి ఫ్యాక్టరీలో ఉన్నాను. సూపర్‌వైజరు గారు కాగితం, ఇంకు డబ్బా బల్ల మీద పెట్టారు.

"వేలిముద్ర వెయ్యండి."

"ఏం రాసుందండి?"

"నిన్న రాకపోడం తప్పయిందని."

"గేట్ వన్‌తో చదివించండి."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉందండి. చదివించండి."

గేట్ వన్ మొదటి వాక్యాలు గబగబా చదివింది. చివరిది మెల్లగా చదివింది. ఇకమీదట ఏ పోటీలకీ వెళ్లననీ, సాధన కూడా మానుకుంటాననీ హామీ ఇస్తున్నాను.

"రాకపోడం తప్పేనండి. దానికి వేస్తాను. చివరిది కొట్టెయ్యండి."

"కాగితం ఒకటే."

"అయితే వెయ్యనండి."

"మిలిటరీలో ఆర్డరు కాదంటే ఏం చేస్తారో తెలుసా?"

"తెలీదండి. నేను రొయ్యల ఫ్యాక్టరీలో ఉన్నానండి."

నేనే మానేస్తున్నానని చెప్పి సామాను లెక్క చూసి అప్పజెప్పాను. ఇంటి చీర కట్టుకుని గేట్ టూకి వచ్చాను. ఆ గేటు దాటే ఏ ఆడమనిషినైనా తనిఖీ చెయ్యాలి. ఆ వేళ చెయ్యాల్సింది గేట్ వన్.

"చేతులెత్తండి పిన్నిగారూ."

ఎత్తాను. గేటు బయట వానలో పొద్దుటి షిఫ్టు ఆడవాళ్లు వరసగా ఉన్నారు. తల మీద తెల్ల టోపీలు, చేతుల్లో రబ్బరు బూట్లు. ఆరు గంటల సైరన్ మోగింది. ఎవ్వరూ లోపలికి అడుగు వెయ్యలేదు. "రండి, రండి, టైమైంది" అని సూపర్‌వైజరు గారు కేకేశారు. ఒక్కరూ కదల్లేదు. తనిఖీ అయ్యి, నేను గేటు దాటి రోడ్డెక్కాక వరస కదిలింది. పోటీలో ఇచ్చిన మెడల్ ఏ డబ్బాలో పెట్టానో ఒక్కోసారి మర్చిపోతాను. వానలో ఆ తెల్ల టోపీల వరస మాత్రం కళ్లు మూసినా తెరిచినా అక్కడే ఉంటుంది.

మర్నాడు ఉదయం మొదటి బస్సుకి దిండి వెళ్లాను. అక్కడ ఒక రిసార్టుకి ఆడ గార్డు కావాలని మాస్టారు చెప్పారు. మేనేజరు గారు వయసులో చిన్నవారు.

"ఎప్పుడు చేరతారండీ?"

"ముందు సెలవు రాయండి. రాష్ట్రం పోటీలకి నాలుగు రోజులు. రాసి, పైకి చదివి వినిపించండి. అప్పుడు ఎప్పుడంటే అప్పుడు చేరతాను."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. కలం తీశారు.