మార్జిన్ నిండా మిరపకాయలు

"పక్కన మట్టి మార్జిన్ ఉండగా తారు మీద ఎందుకు నడిచారమ్మా?"

ఒంగోలు కోర్టులో ఇన్సూరెన్సు తరఫు లాయరు అడిగిన ఈ మొదటి ప్రశ్నకే నాకు ఒళ్ళు మండింది. బడికి నడిచి వెళ్తున్న టీచర్ని వెనకనుంచి కారు గుద్దింది. కాలు విరిగి, లోపల రాడ్డు వేస్తే, వేసవంతా మంచానికే అంటుకుపోయాను. ఇంతా జరిగాక తప్పు నాదట! నడిచేవాళ్ళంటే లోకానికి ఎంత లోకువో. పరిహారం మాట అలా ఉంచండి, నా తప్పు లేదని కోర్టు తేల్చి చెప్పాలి. అదే నా పంతం.

"మార్జిన్ నిండా మిరపకాయలు ఆరబోశారండీ," అన్నాను.

"రుజువేది?"

లేదు. కాయలు ఆ సాయంత్రమే ఎత్తేశారు. అవి మా వీధి చివరి రైతువి. వరస కలిపి బాబాయ్ అంటాను. ఆసుపత్రికి రాలేదు సరికదా, నేను కర్రల మీద నడుస్తూ ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు. రోడ్డు మీద కాయలు పోశావని తన మీదా కేసు పెడతారని ఆయన భయం. అది నాకు తెలుసు. అయినా వాళ్ళింటికే వెళ్ళి అరిచాను.

"నీ కాయల మూలానేగా నేను తారెక్కింది! ఆ ఒక్క ముక్కా కోర్టులో చెప్పలేవా బాబాయ్?"

ఆయన కండువా భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. పిన్ని ఇచ్చిన టీ తాగకుండా లేచి వచ్చేశాను.

తర్వాతి వాయిదాకి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయనే వచ్చాడు. బోనెక్కి జడ్జిగారికి బెరుగ్గా రెండుసార్లు దణ్ణం పెట్టాడు.

"కాయలు నావేనండి. మా అమ్మాయికి అడుగు పెట్టే చోటు కూడా మిగల్చలేదు నేను."

"కాయల మీదనుంచే నడిచి వెళ్ళొచ్చుగా?" అన్నాడు లాయరు.

అంతే, బాబాయ్ బెరుకు పోయింది. పొలంలో కేకేసినట్టు గొంతు లేచింది. "పంటను చెప్పుకాళ్ళతో తొక్కుకుంటా ఎవరన్నా పోతారా అండీ? మా ఊళ్ళో పసిపిల్లలు కూడా తొక్కరు!"

జడ్జిగారు తలెత్తి చూశారు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళ కోపం ఎటు పోయిందో తెలియదు.

తీర్పులో నా తప్పేమీ లేదని రాశారు. రోడ్డు మీద మనిషి నడుస్తుంటే చూసుకుని తోలాల్సిన బాధ్యత బండి నడిపేవాడిదేనని రాశారు. మా లాయరు చదివి వినిపిస్తే, ఆ ముక్క మళ్ళీ చదవమన్నాను. బాబాయ్ మీద ఏ కేసూ రాలేదు.

ఈ ఏడు మళ్ళీ కాయలు దిగాయి. బాబాయ్ కాయలు పోసిన టార్పాలిన్ పట్టాను లోపలికి లాక్కుని, అంచున మనిషి నడిచేంత దారి వదిలాడు. మొన్న పొద్దున బడికి వెళ్తుంటే, గాలికి నాలుగు కాయలు ఆ దారిలోకి దొర్లి ఉన్నాయి. కాలు సరిగా వంగకపోయినా తంటాలు పడి ఏరబోయాను.

బాబాయ్ అవతలనుంచి కసిరాడు. "వదిలెయ్ అమ్మాయ్! తొక్కితే తొక్కావులే. నువ్వు మాత్రం తారు మీదికి పోమాక!"